రిటైరైన బ్యాట్‌మన్‌కి పట్టింది దయ్యమా, పూనకమా?

ఈ కామిక్ కథ మొదలవడమే కారు రేసుతో. నడుపుతున్నది బ్రూస్ వేన్, వయసు 55. కారు అదుపు తప్పుతుంది, మంటలు లేస్తాయి. ఇంకెవరైనా అయితే ప్రాణం దక్కితే చాలనుకుంటారు. ఇతను మాత్రం ఆ మంటల మధ్య కూర్చుని ఒక లెక్క వేసుకుంటాడు: ఇది మంచి చావే, కానీ సరిపోయేంత మంచిది కాదు. ఆ లెక్క తేలాకే బయటపడతాడు.

గబ్బిలం వేషంలో నేరస్తులను వేటాడిన బ్యాట్‌మన్ ఇతనే. ఆ వేషం తీసేసి పదేళ్లయింది. ఇంటినిండా డబ్బు, మూతి మీద మీసం, సాయంత్రమైతే మందు. పోలీసు కమిషనర్ గోర్డన్ కూడా రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డాడు. ఇద్దరు ముసలి స్నేహితులు కూర్చుని పాత రోజులు తలుచుకుంటారు. బయట గోథమ్ నగరం ఎండకి ఉడికిపోతోంది, మ్యూటెంట్లు అనే కుర్రముఠా ఊరిని గడగడలాడిస్తోంది.

1986లో అమెరికన్ ప్రచురణ సంస్థ డీసీ కామిక్స్ వేసిన 'ది డార్క్ నైట్ రిటర్న్స్' ఇది. నాలుగు భాగాలు. రాసి, పెన్సిల్ బొమ్మలు వేసినవాడు ఫ్రాంక్ మిల్లర్. ఇంకు క్లాస్ జాన్సన్, రంగులు లిన్ వార్లీ. అప్పట్లో మామూలు డీసీ కామిక్ 75 సెంట్లు ఉంటే దీని ఒక్కో భాగం 2.95 డాలర్లు. మంచి కాగితం, పుస్తకంలా చదునైన వెన్ను. చదివి పారేసేది కాదు, బీరువాలో దాచుకునేది అన్నమాట.

చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. దీని చుట్టూ గందరగోళం కూడా అంతే ఉంది. ఏ సినిమా దీని నుంచి వచ్చింది? ఇది 'అసలు' బ్యాట్‌మన్ కథేనా? ఇందులో హీరో నిజంగా హీరోనా, లేక నియంతా? ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళ్దాం.

పేర్లతో వచ్చే తికమక

2008లో వచ్చిన 'ది డార్క్ నైట్' సినిమాకీ ఈ కామిక్‌కీ కథలో సంబంధం లేదు. 'డార్క్ నైట్' అన్నది బ్యాట్‌మన్‌కి ఎప్పటినుంచో ఉన్న బిరుదు, అంతే. 2012 నాటి 'ది డార్క్ నైట్ రైజెస్'లో మాత్రం దీని నీడ కనిపిస్తుంది: అక్కడ బ్రూస్ ఎనిమిదేళ్లు ముసుగు తీసేసి ఇంట్లో కూర్చుంటాడు. 2016లో బ్యాట్‌మన్, సూపర్‌మ్యాన్ తలపడిన సినిమా ఈ కామిక్‌లో బ్యాట్‌మన్ తొడుక్కునే లోహపు కవచాన్ని, కొన్ని ఫ్రేములను దాదాపు బొమ్మకి బొమ్మగా తీసుకుంది, కథని వదిలేసింది. కథని ఉన్నదున్నట్టు తెర మీద చూడాలంటే 2012, 2013లలో రెండు భాగాలుగా వచ్చిన యానిమేషన్ సినిమా ఉంది.

ఇంకో చిన్న విషయం. 'రిటర్న్స్' అన్నది మొదట మొదటి భాగం పేరు మాత్రమే. నాలుగూ కలిపి పుస్తకంగా వేసినప్పుడు ఆ పేరే మొత్తానికి ఖాయమైంది.

ఇది 'అసలు' వరుసలో ఉందా?

అమెరికన్ కామిక్స్‌లో 'కంటిన్యుటీ' అనే మాట తరచూ వినబడుతుంది. నెలనెలా వచ్చే కథల్లో ఇదివరకు జరిగినవన్నీ నిజంగా జరిగినట్టే లెక్క అనే ఒప్పందం అది. మిల్లర్ కథ ఆ ఒప్పందానికి బయట ఉంది. ఇది బ్యాట్‌మన్ ముసలితనం ఇలా ఉండొచ్చు అనే ఒక ఊహ. చాలా ఏళ్ల తర్వాత డీసీ తన ప్రపంచాలకు నంబర్లు వేసినప్పుడు దీన్ని 'ఎర్త్-31' అని పక్కన కూర్చోబెట్టింది.

అయితే బయట ఉన్న కథ లోపలికి ఎలా చొరబడిందో చూడండి. మిల్లర్ కథలో బ్రూస్ రిటైర్ కావడానికి కారణం జేసన్ టాడ్ చావు. జేసన్ రెండో రాబిన్, అంటే బ్యాట్‌మన్ వెంట ఉండి పోరాడే కుర్ర తోడు. అతను ఎలా చచ్చిపోయాడో చెప్పరు. బ్రూస్ ఇంటి కింది రహస్య గుహలో, గాజుపెట్టెలో వేలాడే ఖాళీ రాబిన్ దుస్తులు చూపిస్తారు. 1986లో మామూలు నెలవారీ కథల్లో జేసన్ బతికే ఉన్నాడు! 1988లో డీసీ పాఠకులకు ఫోన్ ఓటు పెట్టింది: బ్యాట్‌మన్ బద్ధశత్రువు జోకర్ చేతిలో జేసన్ చావాలా, బతకాలా? చావాలన్నవి 5,343 ఓట్లు, బతకాలన్నవి 5,271. డెబ్భై రెండు ఓట్ల తేడాతో కుర్రాడు పోయాడు. ఆ తర్వాత అసలు వరుసలోని గుహలోకి కూడా ఆ గాజుపెట్టె వచ్చి చేరింది.

మనకి ఇది కొత్తేం కాదు. లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణంలో లేదు. కానీ ఆ రేఖ లేకుండా రామాయణం చెప్పుకోగలమా? 'అసలులో ఉందా లేదా' అనే ప్రశ్నకి పండితులు ఒక జవాబు చెబుతారు, జనం జ్ఞాపకం ఇంకోటి చెబుతుంది. మిల్లర్ కథ బ్యాట్‌మన్‌కి అలాంటి లక్ష్మణరేఖలు చాలానే గీసింది.

బ్యాట్‌మన్‌ని చీకట్లోకి తీసుకెళ్లింది మిల్లరేనా?

సగమే నిజం. 1939లో బాబ్ కేన్, బిల్ ఫింగర్ పుట్టించినప్పుడే ఇతను చీకటి మనిషి. మరుసటి ఏడాది రాబిన్ రావడంతో కాస్త వెలుగొచ్చింది. 1954లో పిల్లలు చెడిపోతున్నారన్న గొడవ లేచి, ప్రచురణకర్తలే 'కామిక్స్ కోడ్' అనే సెన్సార్ పెట్టుకున్నాక కథలు మరీ మెత్తబడ్డాయి. 1966 టీవీ సీరియల్ దాన్ని పూర్తి హాస్యం చేసేసింది. 1970 ప్రాంతంలో డెన్నిస్ ఓనీల్, నీల్ ఆడమ్స్ జంట మళ్లీ రాత్రిని తెచ్చింది. కాబట్టి చీకటి మిల్లర్ సొంత సొత్తు కాదు. మిల్లర్ తెచ్చింది వయసు. అప్పటికి 47 ఏళ్లుగా వస్తున్న ఒక పాత్ర, నెలవారీ కథల్లో వయసు పెరగని మనిషి, ఇక్కడ మోకాళ్ల నొప్పులతో మేడ మీది నుంచి దూకాడు.

వెంటాడుతున్నది ఎవరు?

ఇక్కడే ఆగాలి, కథ గుండెకాయ ఇక్కడుంది. 'గతం వెంటాడే హీరో' అని ఈ కథ గురించి అందరూ అంటారు. సరే, వెంటాడుతున్నది ఎవరు? జేసన్ ఆత్మా? చిన్నప్పుడు కళ్లముందే హత్యకి గురైన కన్నతల్లిదండ్రులా? తెలుగులో ఆలోచిస్తే ఈ ప్రశ్న తేలికవుతుంది. మనకి దీనికి రెండు మాటలున్నాయి: దయ్యం పట్టడం, పూనకం రావడం. బయటికి రెండూ ఒకలాగే ఉంటాయి. మనిషి తన వశంలో ఉండడు, గొంతు మారిపోతుంది, కళ్లు ఎర్రబడతాయి. కానీ దయ్యం పట్టినవాణ్ని భూతవైద్యుడి దగ్గరికి లాక్కెళ్తాం. పూనకం వచ్చినవాడి ముందు దణ్ణం పెట్టి, 'తల్లీ, ఏం కావాలి?' అని అడుగుతాం.

మొదటి భాగంలోని ఆ రాత్రి చూడండి. బ్రూస్ నిద్రలో నడిచి కింద గుహలోకి వెళ్తాడు. మెలకువ వచ్చేసరికి మీసం లేదు. నిద్రలోనే గీసేసుకున్నాడు. లోపల ఒకటి ఉంది, దానికి ముఖం నున్నగా కావాలి! తర్వాత ఒక రాత్రి టీవీలో ముసుగు వీరుడు జోరో సినిమా వస్తుంది. అమ్మానాన్నలు చచ్చిపోయిన రోజు చిన్న బ్రూస్ చూసొచ్చిన సినిమా అది. ఛానెల్ మారుస్తాడు. హత్యల వార్త. మళ్లీ మారుస్తాడు. ఇంకో హత్య. బయట ఉరుము. ఎండాకాలమంతా ఊరు ఎదురుచూసిన వాన ఆ రాత్రే పడుతుంది, గబ్బిలం కిటికీ పగలగొట్టుకుని లోపలికొస్తుంది.

జేసన్ జ్ఞాపకం అతన్ని ఆపే శక్తి. 'ఇక చాలు' అని ఒట్టు పెట్టించింది అదే. తోసేది గబ్బిలం. అంటే ఈ కథలో చనిపోయినవాళ్లు దయ్యాలు కారు, వాళ్లు కాపలాదారులు. పూనేది బతికున్న మనిషి లోపలి జంతువు. మందు మానేసినవాడు పదేళ్ల తర్వాత మళ్లీ సీసా ముట్టుకున్నప్పటి ఆ భయంకరమైన హాయిని మిల్లర్ పట్టుకున్నాడు. వానలో తడుస్తూ మేడల మీద పరిగెత్తే బ్రూస్‌కి మళ్లీ పుట్టినట్టుంటుంది, ఇరవై ఏళ్ల కుర్రాడిలా అనిపిస్తుంది. మరుసటి పొద్దున ఒంట్లో ప్రతి ఎముకా బిల్లు పంపిస్తుంది.

ఒక ఉదాహరణ: హార్వీ డెంట్

ఇలా అర్థం చేసుకోవడం సరైనదేనా అని పరీక్షించడానికి కథలోనే ఒక కొలబద్ద ఉంది. హార్వీ డెంట్, అంటే టూ-ఫేస్. యాసిడ్‌తో సగం ముఖం కాలిపోయిన నేరస్తుడు. ఆసుపత్రి అతనికి ప్లాస్టిక్ సర్జరీ చేయించి, 'నయమైంది' అని బయటికి వదులుతుంది. ఇతను కూడా ఒక రకంగా రిటైర్ అయినవాడే. బయటికొచ్చిన వెంటనే మాయమవుతాడు, నేరం మొదలుపెడతాడు. చివరికి బ్యాట్‌మన్ పట్టుకుని కట్లు విప్పి చూస్తే ముఖం రెండు వైపులా నున్నగా ఉంటుంది. హార్వీకి మాత్రం రెండు వైపులా కాలిపోయినట్టే కనిపిస్తోంది. పైన బాగుచేసేసరికి లోపల మిగిలిన ఆ సగం మంచి కూడా పోయింది.

అతన్ని చూసి బ్యాట్‌మన్‌కి అనిపించేది, అద్దంలో చూసుకుంటున్నట్టుందని. మీసం, మందు, పార్టీలు: ఇవన్నీ బ్రూస్ చేయించుకున్న ప్లాస్టిక్ సర్జరీ. ఈ ఒక్క దృశ్యం కోసమైనా పుస్తకం కొనొచ్చని నా లెక్క.

ఇంకో కొలబద్ద జోకర్. బ్యాట్‌మన్ లేని పదేళ్లూ అతను అర్ఖమ్ పిచ్చాసుపత్రిలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. టీవీలో 'బ్యాట్‌మన్ తిరిగొచ్చాడు' అన్న వార్త విని మెల్లగా నవ్వుతాడు. ఒకడి పూనకం ఇంకొకడికి అంటుకుంది.

పేజీని టీవీగా మార్చిన తీరు

ఈ కథలో సగం టీవీలోనే జరుగుతుంది. మిల్లర్ పేజీని నాలుగు వరుసలు, నాలుగు నిలువులుగా, పదహారు గళ్లుగా విడగొట్టాడు. వాటిలో చాలా గళ్లు మూలలు గుండ్రంగా ఉన్న టీవీ తెరలు. యాంకర్లు, డాక్టర్లు, రాజకీయ నాయకులు, రోడ్డు మీద మైకు దొరికిన మామూలు జనం, అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారు. మన న్యూస్ ఛానెళ్లలో ఎనిమిది కిటికీల చర్చ చూసినవాళ్లకి ఇది 1986 నాటిదంటే నమ్మబుద్ధి కాదు.

చిన్న గళ్లు వరుసగా చదువుతుంటే ఊపిరాడదు. అప్పుడు పేజీ తిప్పితే ఒక్కటే బొమ్మ, పేజీ నిండా బ్యాట్‌మన్. ఆ గాలి పీల్చుకున్న ఫీలింగ్ కోసమే ముందు అంత ఇరుకు పెట్టాడు. తల్లి మెడలో ముత్యాల దండ తెగడం కూడా ఇలాగే: తుపాకీ గొట్టం దండలో చిక్కుకోవడం, దారం తెగడం, ముత్యాలు ఒక్కొక్కటిగా రాలడం, ఒక్క మాట లేకుండా గడి తర్వాత గడి. తర్వాత ఎన్ని సినిమాలు ఆ ముత్యాలు రాల్చాయో చెప్పనక్కర్లేదు. వైట్‌హౌస్ మీద రెపరెపలాడే జెండా గడి గడికీ దగ్గరై, చారలు వంపు తిరిగి, సూపర్‌మ్యాన్ గుండె మీది ముద్రగా మారే వరుస ఇంకోటి. ఇతను ఇప్పుడు ఎవరి మనిషి అన్నది ఒక్క డైలాగ్ లేకుండా చెప్పేశాడు.

సరదా ముక్క ఒకటి. బ్యాట్‌మన్ గుండె మీద పసుపు వృత్తం ఎందుకని ఏళ్ల తరబడి ఎవరూ అడగలేదు. చీకట్లో దాక్కునేవాడికి అది తప్పే కదా. మిల్లర్ జవాబు: తలకి కవచం పెట్టుకోలేను, గుండెకి పెట్టుకోగలను, కాబట్టి కాల్చేవాడు గుండెకే గురిపెట్టాలి.

హీరోనా, నియంతా: రెండు వాదాలు

'విజిలాంటీ' అంటే చట్టాన్ని తన చేతుల్లోకి తీసుకునేవాడు. ఈ మాట అప్పటి అమెరికాలో కాగితం మీది చర్చ కాదు. 1984 డిసెంబరులో న్యూయార్క్ సబ్‌వే రైల్లో బెర్నార్డ్ గోట్జ్ అనే తెల్లజాతి వ్యక్తి నలుగురు నల్లజాతి కుర్రాళ్లను తుపాకీతో కాల్చాడు. తనని దోచుకోబోయారన్నాడు. సగం ఊరు అతన్ని హీరో అంది, సగం ఊరు జాత్యహంకారి అంది. 1987లో జ్యూరీ హత్యాయత్నం నేరం నుంచి వదిలేసి, లైసెన్స్ లేని తుపాకీ ఉంచుకున్నందుకు దోషిగా తేల్చింది. మిల్లర్ కామిక్ ఈ రెండు తేదీల మధ్య వచ్చింది.

ఈ కథ నియంతృత్వాన్ని పొగుడుతోందనేవాళ్ల వాదనకి బలముంది. బ్యాట్‌మన్ మ్యూటెంట్ల నాయకుణ్ని బురదగుంటలో అందరి ముందూ విరగ్గొడతాడు. వెంటనే ఆ ముఠాలో కొందరు ముఖాల మీద గబ్బిలం గుర్తు వేసుకుని 'బ్యాట్‌మన్ కొడుకులం' అని ఊరి మీద పడతారు. నాయకుడు మారాడు, దౌర్జన్యం మారలేదు. చివరి భాగంలో కరెంటు పోయి ఊరు చీకటైనప్పుడు ఇతను గుర్రమెక్కి ఆ కుర్రాళ్లనే వెంటేసుకుని శాంతిభద్రతలు కాపాడతాడు. బలవంతుడొచ్చి ఊరిని దారిలో పెట్టడం అనే కల ప్రమాదకరమైనదని వీళ్లంటారు. పైగా ఇతన్ని వ్యతిరేకించే ప్రతివాడినీ మిల్లర్ వెర్రివాడిగా గీశాడు. ఒకాయన టీవీలో నేరస్తులను ఓపిగ్గా సంస్కరించాలని ఉపన్యాసమిచ్చి, మీరు నగరంలో ఉంటారా అంటే, అబ్బే, నేనుండను అంటాడు. నవ్వొస్తుంది. కానీ ఎదుటి పక్షాన్ని వెర్రివాళ్ల చేతిలో పెట్టి గెలిచిన వాదన గెలుపు కాదు కదా.

రెండో పక్షం చూపించేది సూపర్‌మ్యాన్‌ని. మిగతా హీరోలు వెళ్లిపోయారు, ఇతను మాత్రం ప్రభుత్వం చెప్పిన పనులు రహస్యంగా చేస్తూ ఉండిపోయాడు. అప్పటి అధ్యక్షుడు రీగన్‌ని పోలిన నాయకుడు నవ్వుతూ చెబితే యుద్ధానికి వెళ్తాడు, నవ్వుతూ చెబితే పాత స్నేహితుణ్ని పట్టుకురావడానికీ వెళ్తాడు. నియంతృత్వం అంటే అధికారానికి తలవంచడం. ఈ కథలో తలవంచింది సూపర్‌మ్యాన్, బ్యాట్‌మన్ కాదు. తల్లిదండ్రులు చచ్చిన సందులోనే ఇద్దరూ కొట్టుకోవడం, ఒంటిచేతి విలుకాడు గ్రీన్ ఆరో సూపర్‌మ్యాన్‌ని నీరసపరిచే క్రిప్టోనైట్ బాణం వేయడం, ఇదంతా రాజ్యాన్ని ఎదిరించే కథ అని వీళ్ల వాదన.

నా మట్టుకు మొదటి పక్షం భయాన్ని చూపించడంలో సరైనది, పుస్తకం ఉద్దేశాన్ని చెప్పడంలో తొందరపడింది. గోథమ్ మొత్తం ఇదే తగువులో ఉంది: ఇతనికి పట్టింది దయ్యమా, పూనకమా? భూతవైద్యుడి పాత్ర మానసిక వైద్యుడు డాక్టర్ వోల్పర్‌ది. బ్యాట్‌మన్ వల్లే నేరస్తులు పుడుతున్నారని టీవీల్లో తిరుగుతాడు. మిల్లర్ అతన్ని పరమ మూర్ఖుడిగా చూపిస్తాడు, అతన్ని నమ్మి జోకర్‌ని టీవీ షోకి తీసుకెళ్తే స్టూడియోలో అందరూ చచ్చిపోతారు. సరే, కానీ ఆ మూర్ఖుడి మాట నిజమే కదా! బ్యాట్‌మన్ రాకపోతే జోకర్ నవ్వేవాడు కాదు. రచయిత వెక్కిరించిన మనిషి నోటే కథలోని పెద్ద నిజం పెట్టాడు. తెలిసే పెట్టాడా అన్నది చెప్పలేం.

చంపాడా లేదా అనే గడి

అభిమానులు ఇప్పటికీ కొట్టుకునే ఒక గడి రెండో భాగంలో ఉంది. చంటిపిల్లని అడ్డుపెట్టుకున్న ముఠా మనిషి 'నిజంగా చంపేస్తా' అంటుంది. బ్యాట్‌మన్ చేతిలో వాళ్లదే మెషిన్‌గన్. 'నమ్ముతున్నా' అని కాలుస్తాడు. గోడ మీద మరక కనిపిస్తుంది. ఆ ముఠా మనిషి చచ్చిందా, గాయపడిందా? తర్వాత కొత్త కమిషనర్ ఎలెన్ యిండెల్ చదివే నేరాల జాబితాలో హత్య లేదు. జోకర్‌ని చంపలేక మెడ విరిచి ఆగిపోయినప్పుడు కూడా ఇతను ఆ గీత దాటలేదనే అర్థం వస్తుంది. మిగిలిన ఆ కాస్త మెడా జోకర్ తనే తిప్పుకుని చస్తాడు, హత్యానేరం ఇతని మీద పడాలని. చివరి భాగంలో కుర్రాళ్ల ముందు తుపాకీ విరగ్గొట్టి ఇది శత్రువుల ఆయుధం అని చెప్పేదీ ఇతనే. ఇన్ని చూశాక గాయపరిచాడనే అర్థమే బలంగా నిలుస్తుంది. 2016 సినిమా మాత్రం ఆ గడిని తెర మీదికి తెచ్చి, ఆ సందేహాన్ని పక్కన పెట్టేసింది.

మన అజ్ఞాతవాసాలకీ దీనికీ తేడా

ఆయుధం దాచేసి మామూలు మనిషిలా బతికే వీరుడు మనకి పాత చుట్టం. విరాటుడి కొలువులో భీముడు వలలుడై వంట చేశాడు, కీచకుడు హద్దు దాటాక ఒక్క రాత్రి గరిటె పక్కన పెట్టాడు. 2002 నాటి 'ఇంద్ర'లో ఇంద్రసేనారెడ్డి కాశీలో శంకర్ నారాయణ అనే టాక్సీ డ్రైవరుగా ఉంటాడు. ఇంటర్వెల్ దగ్గర అసలు పేరు బయటపడితే హాలు దద్దరిల్లుతుంది.

తేడా ఆ హాల్లోనే ఉంది. మన కథలో వీరుడు ఇతరుల కోసం దాక్కుంటాడు, ఇతరుల కోసం బయటికొస్తాడు, జనం ఈలలేస్తారు. అతనికి పట్టింది దేవుడేనని ఎవరికీ సందేహం లేదు. మిల్లర్ ఆ ఈలల మధ్యలో టీవీ మైకు పెట్టి 'మీరేమంటారు?' అని అడిగాడు.

వయసు మీద పడ్డ చోట్లు

సెలీనా కైల్, ఒకప్పటి క్యాట్‌వుమన్, ఇక్కడ ఎస్కార్ట్ ఏజెన్సీ నడుపుతూ, జోకర్ చేతిలో అవమానపడి పక్కకి జరిగిపోతుంది. నలభై ఏళ్లకి పైగా వస్తున్న పాత్రకి దక్కింది అంతే. ఇది విమర్శకులు ఎప్పటినుంచో ఎత్తిచూపుతున్న లోపం, సమర్థించడం కుదరదు. 2001లో మిల్లర్ మొదలుపెట్టిన కొనసాగింపు గురించి నేను ఎక్కువ మాట్లాడను.

మరోవైపు అదే పుస్తకంలో క్యారీ కెల్లీ ఉంది. పదమూడేళ్ల పిల్ల. ఎవరూ పిలవలేదు, ఎవరూ పూనలేదు. దాచుకున్న డబ్బుతో రాబిన్ డ్రెస్సు కొనుక్కుని, మేడల మీద ఎక్కడం నేర్చుకుని, చావబోతున్న ముసలాణ్ని బురదలోంచి లాక్కొస్తుంది. కథ మొత్తంలో తెలివిగా, సొంత ఇష్టంతో వేషం వేసుకున్న మనిషి ఆమె ఒక్కతే. బ్రూస్ ఆమెని చేర్చుకుంటాడు, జేసన్ మీద ఒట్టు ఉన్నా సరే. ముసలితనంలో చేసిన తప్పో ఒప్పో.

చివరికి బ్రూస్ గుండె ఆగిపోతుంది. అతని భవనం పేలిపోతుంది, ముసలి బట్లర్ ఆల్ఫ్రెడ్ కూడా పోతాడు. సమాధి దగ్గర నిలబడిన సూపర్‌మ్యాన్ చెవికి మట్టిలోంచి ఒక గుండె చప్పుడు వినిపిస్తుంది. పక్కనే క్యారీ. అతను ఆమెకి కన్నుగొట్టి వెళ్లిపోతాడు, ప్రభుత్వానికి ఏమీ చెప్పడు. కింద గుహలో ఇతను ముఠా కుర్రాళ్లకి పని నేర్పించడం మొదలుపెడతాడు. కార్ రేసు నాటి లెక్క మళ్లీ వేస్తాడు. ఈసారి చావు గురించి కాదు, బతుకు గురించి. ఈసారి సరిపోతుంది.